రాజోలి మిద్దె మీద తడి నూలు

వనపర్తి ట్రంకు ఎక్స్ఛేంజీలో నేను ఉద్యోగంలో చేరిన రోజు మా సూపర్వైజరు నా చెవులకు హెడ్‌ఫోను తగిలించి చెప్పిన మొదటి పాఠం ఫోను ఎలా కలపాలో కాదు, కలిపాక ఏం చేయాలో. "ఇటు మాట అటు వినపడ్డది, అటు మాట ఇటు వినపడ్డది. ఇగ నీ పని అయిపోయింది. హెడ్‌ఫోను తీసెయ్, ముఖం తిప్పుకో" అన్నాడాయన. పరాయివాళ్ల మాట వినడం దొంగతనం కంటే పెద్ద తప్పని ఆయన నమ్మకం. చాలా ఏళ్లకు, పదవీ విరమణ దగ్గరపడ్డ రోజుల్లో, ఆ పాఠం నాకు మరోలా పనికొచ్చింది. ఆ సంగతే చెబుతాను.

ఇప్పటి పిల్లలకు ట్రంకు కాల్ అంటే ఏమిటో విడమరచి చెప్పాలి. పొరుగూరితో మాట్లాడాలంటే ముందు మాకు నంబరు ఇచ్చి, మేము పిలిచేదాకా బెంచీ మీద కాచుక్కూర్చోవాలి. పిలిచాక గదిలోకి వెళ్లి, ఫోను లేకపోయినా హైదరాబాదుకు వినపడేంత గట్టిగా అరవాలి. ఎవరింట్లో కోడలు అలిగిందో, ఎవరి బర్రె తప్పిపోయిందో బజారుకంతా తెలిసేది. ఊరంతా వింటుంటే వినకూడదన్న నియమం మా ఒక్కళ్లకే ఉండేది. నవ్వొచ్చేది గానీ, పాటించాను.

తర్వాత చేత్తో ఫోన్లు కలిపే ట్రంకు బల్లలు పోయాయి. మాలాంటి ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చి టెక్నీషియన్లను చేశారు. అమ్రాబాద్ పంపితే అక్కడ గాలివాన వచ్చినప్పుడల్లా కొమ్మ విరిగి తీగ మీద పడేది, మండలం మొత్తం మూగబోయేది. కొడవలి పట్టుకుని అడవిలో తీగ వెంట నడవడం మా పని. ఆ తర్వాత నాగర్‌కర్నూల్లో భూమి తవ్వి కేబుళ్లు వేయించాను. నేను వేయించిన వాటిని రోడ్ల వాళ్లు ఎంత శ్రద్ధగా తెంపేవారంటే, మేమూ వాళ్లూ మాట్లాడుకుని చేస్తున్నామని జనం అనుకునేవారు. చివరికి గద్వాల వచ్చేసరికి తీగే అక్కర్లేని కాలం వచ్చింది. గాలిలోనే ఇంటర్నెట్ అన్నారు. ఫోనులో మనిషి బొమ్మ కదులుతుందన్నారు. నాకు పెద్దగా నచ్చలేదు. మాట వినపడుతున్నాక మొహం చూసి ఏం చేస్తారు, అప్పులవాడి మొహం కూడా చూడాల్సి వస్తుంది కదా అని ఆఫీసులో జోకులు వేసేవాణ్ణి.

అప్పుడు మా ఆఫీసులో నాకు దగ్గరివాళ్లు ఇద్దరు. ఒకరు ఇంజినీరు మేడం. వయసులో నా కూతురంత, తెలివిలో నాకు పై అధికారి. ఎంత విసిగించినా గొంతు పెంచేది కాదు. రెండోవాడు లైన్‌మన్. స్తంభాలు పోయినా ఆ పేరు అతణ్ణి వదల్లేదు. పని వచ్చినవాడే గానీ, దయ్యాల మీద ఉన్న నమ్మకం మీటరు మీద ఉండేది కాదు. అమావాస్య నాడు నిచ్చెన ఎక్కమంటే కడుపునొప్పి వచ్చేది.

రాజోలి అంచున, తుంగభద్ర వైపు, నూలుకు రంగులద్దే ఒక కుటుంబం ఉంది. గద్వాల చీరల అంచులకు వాడే నూలు, పట్టు వాళ్ల కాగుల్లో మునిగి మగ్గాలకు వెళ్లేవి. ఆ మూలకు సెల్ సిగ్నలు అంతంత మాత్రం. మాట కలిసేది, బొమ్మ కదిలేది కాదు. అందుకని వాళ్లు గాలి ఇంటర్నెట్ కావాలని అడిగారు. మిద్దె మీద ఒక చిన్న డిష్ బిగిస్తే అది దూరంగా ఉన్న మా టవరును చూస్తూ ఇంటర్నెట్‌ను అందుకుంటుంది. దాని కింద ఇంట్లో ఒక పెట్టె పెడితే ఫోన్లన్నిటికీ పంచుతుంది. అడిగింది చీరల వ్యాపారం కోసమనుకున్నాను. కాదు, కూతురి కోసం.

ఆ అమ్మాయికి పుట్టుకతో వినపడదు, మాట రాదు. బధిరుల పాఠశాలలో చదివి వచ్చింది. అక్కడ నేర్పిన చేతుల భాషలో గలగలా మాట్లాడగలదు, కానీ ఇంట్లో దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు లేరు. తల్లీతండ్రీ తమకు తోచిన సైగలతో నెట్టుకొచ్చేవారు. ఆ ఇంట్లో నేను గమనించిన వింత ఒకటుంది. కూతురితో ఏదైనా చెప్పాలంటే చేతిలో ఉన్నది కింద పెట్టాల్సిందే. తల్లి కూర గంటె పక్కన పెట్టి, తండ్రి రంగు చేతులు పంచెకు తుడుచుకుని మరీ మాట్లాడేవారు. పని మనుషులు, చేతులు ఖాళీగా ఉండేది ఎప్పుడు? అందుకే ఆ పిల్లతో మాటలు తక్కువ.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి దర్జీ. అతనికీ వినపడదు, అతనూ అలాంటి బడిలోనే చదివాడు. పెద్దలు చూసుకున్నారు, నచ్చింది. అమ్మాయి మాత్రం మెలిక పెట్టింది. కొన్నాళ్లు అతనితో మాట్లాడాలి, ఆ తర్వాతే అవునో కాదో చెబుతానంది. మాటలు రాని ఇద్దరికి మాట్లాడుకోవడమేమిటని చుట్టాలు నవ్వారట. తల్లి నాతో ఆ సంగతి చెబుతూ గొంతు తగ్గించింది.

"ఏం చెప్పిందో తెల్సా సారూ? ఇంట్ల మీరందరు నాతోని పని మాటనే మాట్లాడ్తరు, ముచ్చట ఎవరు పెడ్తరు అన్నది. వాళ్ల నాయిన ఆ రోజు అన్నం తినలే."

పెద్దలు ఒప్పుకున్నారు గానీ, వాళ్ల కట్టుబాటు వాళ్లు పెట్టారు. పెళ్లి ఖాయం కాకముందు రాత్రిళ్లు మాట్లాడటం బాగుండదు. పొద్దున, అబ్బాయి దుకాణానికి వెళ్లేముందు, తల్లి పక్కన కూర్చుని ఉండగా మాట్లాడుకోవాలి.

మేము డిష్ బిగించింది మధ్యాహ్నం పూట. మొదటిసారి కనుక అప్పుడే మాట్లాడమన్నారు. అమ్మాయి ఫోనును గోడకు ఆనించి ఎదురుగా కూర్చుంది. తెర మీద ఆ అబ్బాయి వచ్చాడు. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. ఇద్దరి చేతులూ లేచాయి. ఆ పిల్ల కళ్లు, కనుబొమలు, భుజాలు అన్నీ మాట్లాడుతున్నాయి. నా ఉద్యోగమంతా ఫోను చెవికి సంబంధించిన వస్తువనుకున్నాను. చెవి లేనివాళ్లకు మా శాఖలో ఏమీ లేదని, ఉండదని అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనుకున్నానని కూడా నాకు తెలియదు. ఊరూరా వేసిన తీగలేవీ ఆ ఇంటికి ఒక్క మాట మోసుకురాలేదు. గాలిలో వచ్చిన ఇంటర్నెట్ ఫోనును కళ్లతో వినేలా చేసింది. అప్పటి నుంచి ఆఫీసులో నా జోకులు మానేశాను.

వచ్చేటప్పుడు తండ్రి నన్ను పక్కకు పిలిచి, ఆ డిష్‌ను ఎలా చూసుకోవాలని అడిగాడు. పెద్దగా చూసుకునేదేముంది? అయినా అంత ఆత్రంగా అడిగాక ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని, "సున్నితమైన సామాను, ఎండకు వేడెక్కితే మొరాయిస్తుంది, జర జాగ్రత్త" అన్నాను. డాక్టర్లు వెళుతూ వెళుతూ కాచి చల్లార్చిన నీళ్లు తాగమంటారు చూడండి, అలా.

రెండు రోజులు తిరక్కముందే ఫిర్యాదు. పొద్దున మొదలుపెట్టిన కాసేపటికే బొమ్మ ఆగిపోతోందట. మేము వెళ్లేసరికి అంతా సుబ్బరంగా ఉంది. మళ్లీ ఫిర్యాదు, మళ్లీ వెళ్లాం, మళ్లీ సుబ్బరం. పొద్దున గద్వాల ఫిర్యాదులు ముగించుకుని, భోజనం చేసి రాజోలి చేరేసరికి మధ్యాహ్నం దాటేది. డిష్ మార్చాం, తీగ మార్చాం, కింద పెట్టె మార్చాం. దయ్యం తప్ప ఇంకేం మిగల్లేదని లైన్‌మన్ తేల్చాడు. వాళ్లకే ఫోను వాడటం రావడం లేదేమోనని నేను తేల్చాను. ఇద్దరిదీ ఒకే స్థాయి శాస్త్రం.

ఇక్కడ మీకో సంగతి తెలియాలి. మాట అయితే సగం తెగినా సగం ఊహించుకోవచ్చు. చేతుల మాట అలా కాదు. బొమ్మ ముక్కలైతే వేళ్లు ఎటు తిరిగాయో తెలియదు, అంతటితో ఆ మాట పోయినట్టే. ఆ అమ్మాయి నెట్ లేదని మెసేజీ పెట్టింది కూడా. కానీ నెట్ లేదనేది లోకమంతా చెప్పే అబద్ధం కదా, ఎవరు నమ్ముతారు? పైగా అబ్బాయి తల్లి ఇటు తల్లికి ఫోను చేస్తే మాట శుభ్రంగా కలిసేది. మాట కలిసే ఇంట్లో బొమ్మ ఎందుకు రాదు అన్నది ఆమె అనుమానం. పిల్లకు ఇష్టం లేక తెంపేస్తోందని వాళ్లనుకున్నారు. అబ్బాయికే ఇష్టం లేదేమోనని ఈ పిల్ల కుమిలిపోయింది.

ఒకరోజు తల్లి గద్వాల బస్సెక్కి నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. అబ్బాయి మేనమామ కబురు పెట్టాడట. ఎల్లుండి పొద్దున అందరం కూర్చుంటాం, ఇద్దరినీ మాట్లాడుకోనిద్దాం, ఆ రోజు కూడా తెగిపోతే మాకు వేరే సంబంధం ఉంది అన్నాడట.

"వాళ్లది తప్పు గాదు సారూ. ఎన్ని దినాలు ఆగుతరు? కానీ నా బిడ్డ మల్ల ఇంకొకని ముందల గూసొని చేతులు ఎత్తది. నాకు తెల్సు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆమె వెళ్లాక మేడం కంప్యూటర్లో ఆ డిష్‌కు అందే సిగ్నలు గీత తెరిచింది. రోజూ పొద్దున గీత బావిలో పడ్డట్టు పడిపోతోంది, మధ్యాహ్నానికి మెల్లగా పైకొస్తోంది. ఒక్క రోజు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ రోజేమిటని క్యాలెండరు చూస్తే అమావాస్య. మంచి రోజు కాదని ఆ పొద్దున వాళ్లు ఫోనే కలపలేదట. లైన్‌మన్ మొహం వెలిగిపోయింది.

"నేను చెప్తలేనా మేడం? దయ్యం గాలి పనే. అమాస నాడు అది వేరే కాడికి పోయి ఉంటది."

మేడం నవ్వలేదు. ఆ వాడలో అమావాస్య నాడు ఏం జరగదు అని అడిగింది. మగ్గం ఆడదు, రంగు కాగు పొయ్యి ఎక్కదు, నేతవాళ్లకు అది సెలవు అన్నాం ఇద్దరం ఒకేసారి. అయితే పని ఉన్న రోజు పొద్దునే వెళ్లి మిద్దె మీద కూర్చోండి, ఏం జరుగుతుందో చూడండి అంది. ఇంత చిన్న మాట మాకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. ఫిర్యాదు పొద్దునది, మేము వెళ్లేది మధ్యాహ్నం. జ్వరం దిగాక నాడి చూసి బాగానే ఉందని చెప్పే వైద్యులం మేము.

ఆ ఎల్లుండి పొద్దున లైన్‌మన్, నేను ముందే రాజోలి చేరి మిద్దె ఎక్కాం. వెనకటికి సిగ్నలు కొలవాలంటే ట్రంకు పెట్టెంత మీటరు మోసేవాళ్లం. ఇప్పుడు చేతిలో ఫోనే అంకె చూపిస్తుంది. అంకె బాగుంది. కింద నడిమింట్లో అమ్మాయి తలకు పూలు పెట్టుకుని ఫోను ముందు కూర్చుంది. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాక్షంలోంచి ఆమె, ఆమె ఫోను మాకు కనపడుతున్నాయి. అవతల నాగర్‌కర్నూల్లో అబ్బాయి వెనక నాలుగైదు తలలు. మాట మొదలైంది.

అప్పుడు తండ్రి మెట్లెక్కి వచ్చాడు. నెత్తి మీద తట్ట, తట్టనిండా ఎర్ర రంగు వేసిన తడి నూలు కట్టలు. మమ్మల్ని చూసి తలూపి, తన పని తాను చేసుకోసాగాడు. డిష్‌కు సరిగ్గా ముందు అడ్డంగా ఒక వెదురు బొంగు కట్టి ఉంది. ఆ బొంగును మేము వచ్చినప్పుడల్లా చూశాం. మధ్యాహ్నం దాని మీద ఏమీ ఉండేది కాదు కనుక చూసీ చూడనట్టే. ఆయన ఒక కట్ట దులిపి దాని మీద వేశాడు. నా చేతిలో అంకె తగ్గింది. రెండో కట్ట వేశాడు. ఇంకా తగ్గింది. మూడోది వేసేసరికి కింది నుంచి తల్లి కేక వినపడింది, బొమ్మ ఆగిపోయిందని.

తడి నూలంటే నీళ్ల గోడ. గాలిలో వచ్చే సిగ్నలు నీళ్లలోంచి దూరలేదు. ఎండిపోయాక అదే నూలు దానికి అడ్డే కాదు. ఇది మాకు శిక్షణలో చెప్పిన మాటే. వాన గురించి చెప్పారు, చెట్ల ఆకుల గురించి చెప్పారు. రంగు నూలు గురించి చెప్పలేదు.

ఇక్కడెందుకు ఆరేస్తున్నావన్నా అని అడిగాను. మిద్దె అంతా ఖాళీగా ఉంది, బొంగు వేరేచోట కట్టొచ్చు. ఆయన ఆశ్చర్యంగా నావైపు చూశాడు.

"మీరే చెప్తిరి గద సార్, ఎండకు గరమైతే పనిచెయ్యదని. అందుకే బొంగు గీడ మార్చిన. మొదటి తడి నూలు దీని ముందలనే ఏస్త. సల్లగుంటదని."

డిష్ బిగించిన మర్నాటి నుంచి ఆ మనిషి, బిడ్డ ముచ్చటకు ఎండ తగలకూడదని, రోజూ పొద్దున దానికి తడి నీడ పడుతున్నాడు. నోటికొచ్చిన సలహా పారేసి వచ్చింది నేను, దాన్ని వేదవాక్కుగా పట్టుకున్నది ఆయన. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన చేతిలోని కట్ట తట్టలో జారిపోయింది.

"నా బిడ్డ మాటకు నేనే అడ్డం పడ్తినా సార్?"

కాదు, అడ్డం పడింది నా మాటే అన్నాను. విన్నాడో లేదో తెలియదు. ముగ్గురం బొంగు కట్లు విప్పాం. కట్టలు తీసి కింద పడేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. తడి మీద మడత పడితే రంగు మరకలు కడుతుంది, దుమ్ము అంటితే అంచు పాడవుతుంది, అది ఎవరి పెళ్లి చీర అంచో అన్నాడు. అంత కంగారులోనూ పనిని వదలని మనిషి. వేరే కట్టు కట్టే వ్యవధి లేదు. అందుకని బొంగును నూలుతో సహా ఎత్తి, ఆయన ఒక కొస, నేను ఒక కొస భుజాన వేసుకుని, డిష్‌కు దూరంగా పిట్టగోడ పక్కన నిలబడ్డాం. మధ్యలో లైన్‌మన్ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. నూలులోంచి ఎర్రనీళ్లు కారి నా తెల్ల చొక్కా మీద పడుతున్నాయి.

కింద అబ్బాయి బొమ్మ కదిలింది. ఈసారి ఆగలేదు.

మాట్లాడుకున్నారు, మాట్లాడుకున్నారు, ఇంకా మాట్లాడుకున్నారు. అమ్మాయి ఏదో గట్టిగానే నిలదీసింది. అతను ఫోను తిప్పి తన కుట్టు మిషను చూపించాడు, గోడ చూపించాడు, మేనమామను కూడా చూపించాడు. ఇద్దరూ ఒకేసారి చేతులు ఎత్తారు, ఆగారు, నవ్వారు. మా భుజాలు పడిపోతున్నాయి.

"మాటలు రానోళ్లకు ముచ్చట్లు తక్కువుంటయనుకున్న సార్. జర ఆపమని చెప్పరాదు?" అని గొణిగాడు లైన్‌మన్.

చెప్పడానికి వాళ్లకు వినపడదు కదా అన్నాను. బొంగు ఊగేలా నవ్వాడు. తండ్రి మాత్రం నవ్వలేదు. ఆయన కళ్లు గవాక్షం మీదే ఉన్నాయి. బిడ్డ ఇన్ని మాటలు మాట్లాడగలదని ఆయనకు ఆ రోజే తెలిసినట్టుంది.

అప్పుడు వనపర్తి సూపర్వైజరు గుర్తొచ్చాడు. కలిసింది కదా, ఇంక నీ పని అయిపోయింది, ముఖం తిప్పుకో. ఈ ఇద్దరి మాట నేను వినలేను, కానీ చూడగలను. అర్థం కాకపోయినా పరాయివాళ్ల మాటే. చూపు మరల్చి, నది వైపు తిరిగి నిలబడ్డాను. చెవి మూసుకోవడం తెలిసిన నాకు కళ్లు తిప్పుకోవాల్సిన ఫోనుకాల్ అదే మొదటిది.

కాసేపటికి మెట్ల మీద గజ్జెల చప్పుడు. అమ్మాయి పైకి వచ్చింది. నేను తిరగలేదు. తండ్రీకూతుళ్ల మధ్య ఏం జరుగుతోందో నాకు తెలియదు. ఉన్నట్టుండి బొంగు బరువంతా నా మీదికి వచ్చింది. అవతలి కొస జారి పడబోతే లైన్‌మన్ అందుకున్నాడు. సగం నూలు నా మెడ మీదికి జారి, తల నుంచి నడుం దాకా ఎర్రగా తడిసిపోయాను.

"ఇటు తిరుగు సార్, కుదిరింది" అన్నాడు లైన్‌మన్.

తిరిగాను. పాపం, ఆ తండ్రి తప్పేం లేదు. బిడ్డతో మాట్లాడాలంటే ఆయనకు రెండు చేతులూ కావాలి.